రాళ్ల నగ కొంటున్నారా? నికర బరువు చూడకుండా డబ్బు కట్టకండి

నిన్న సాయంత్రం నుంచి నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. చెప్పదలచినది ముందే చెప్పేస్తాను. మా ఊళ్లో బస్టాండు నుంచి వస్తుంటే కుడిచేతివైపు కనిపించే ఆ అద్దాల నగల దుకాణంలో కెంపుల హారం కొని, 9.440 గ్రాముల రాళ్లకూ లక్కకూ బంగారం ధర కట్టాను. దుకాణం పేరు రాయను. మా ఊరివారికి పేరు చెప్పనక్కరలేదు, పెళ్లిళ్ల కాలంలో ఆ మెట్లెక్కని ఇల్లు మా వీధిలో లేదు.

2024 శ్రావణ మాసంలో కొన్నాం. మా అత్తయ్య తన నాలుగు గాజులు తీసి ఇచ్చారు, మిగతాది చీటీ డబ్బు. ఆ గాజుల మీద ఒక్క రాయి లేదు, ఒక్క పూస లేదు, అంతా బంగారమే. హారం అమ్మాయి పెళ్లికని దాచాం. ఇప్పుడు సంబంధం కుదిరింది. అంత బరువైన హారం వద్దు, గొలుసూ గాజులూ కావాలని అమ్మాయి అడిగింది. కొన్నచోటే మార్చుకుంటే నష్టం ఉండదని వెళ్లాం. కొన్ననాడు వాళ్లు చెప్పిన మాట కూడా అదే: "మా నగ మా దగ్గరకే తెస్తే తరుగు తీయం."

పాత బంగారం తీసుకునే కౌంటరు పై అంతస్తులో ఉంది. అక్కడి కుర్రవాడు హారాన్ని కాటా మీద పెట్టాడు. 48.620. కొన్ననాటి బిల్లులో ఉన్న అంకె అదే. నా మనసు కుదుటపడింది. ఆ తరువాత అతను సొరుగులోంచి సన్నటి పట్టకారు తీశాడు. "రాళ్లు తీయాలి కదమ్మా" అన్నాడు. ఎందుకని అడిగాను. "రాళ్లకు ధర రాదు. బంగారానికే లెక్క కడతాం" అన్నాడు. నాకు అప్పటికీ వెలగలేదు. సరే, తీయండి అన్నాను. అలా అన్నందుకు రాత్రంతా నన్ను నేనే తిట్టుకున్నాను.

పట్టకారు మొనతో గూటి అంచు పైకి లేపడం, రాయిని కదిలించడం, అది స్టీలు పళ్లెంలో టక్కున పడడం. ఒకటి తరువాత ఒకటి. పతకం మధ్యలో ఉన్న పెద్ద కెంపు కింద నల్లటి లక్క ముద్ద బయటపడింది. చిన్న మంట పెట్టి దాన్ని కరిగించి గీకాడు. కాలిన లక్క వాసన కౌంటరంతా నిండింది. ముప్పావు గంట పట్టింది. అమ్మాయి మెడలో ఒక్కసారైనా వేసి చూడని హారం, గూళ్లు నోళ్లు తెరుచుకుని, ముక్కలై, అదే కాటా మీదికి మళ్లీ ఎక్కింది. 39.180.

అదే దుకాణం, అదే నగ. నాకు అమ్మిన రోజు "ఆరు కాసుల పైమాటేనమ్మా" అన్నారు. నా దగ్గర తీసుకునే రోజుకు ఐదు కాసులు కూడా నిండలేదు. కాసంటే మా వైపు 8 గ్రాములు. తులాల్లో లెక్క చూసుకునేవారికైతే నాలుగు తులాలకు తక్కువే.

మేనేజరును పిలిపించాను. ఆయన బిల్లు తెమ్మని, చూసి, నా ముందుకే తోశారు. "రాళ్లకు మీ దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు, చూసుకోండి" అన్నారు. అప్పుడు వెలిగింది నాకు. కొన్ననాడు అమ్మకంలో ఉన్న అబ్బాయి నవ్వుతూ చెప్పిన మాట కూడా ఇదే: "రాళ్లకు విడిగా ఏమీ వేయడం లేదమ్మా." ఆ మాటకు నేనెంత సంతోషించానో! వాళ్లు విడిగా వేయని మాట నిజమే. బంగారంతో కలిపి తూచి, మొత్తానికీ బంగారం ధరే వేశారు. మా వీధి కంసాలిగారికి ఆ రాళ్లు చూపిస్తే, ఇవి గనిలో దొరికిన కెంపులు కావమ్మా, తయారుచేసిన రాళ్లు అన్నారు.

నా గొంతు పెరిగింది. కొన్నవాళ్ల దగ్గర ఒక లెక్క, తెచ్చినవాళ్ల దగ్గర ఒక లెక్కా అని అడిగాను. దానికి మేనేజరుగారి సమాధానం: "చదువుకున్నవారే కదా, డబ్బు కట్టే ముందు చూసుకోవద్దా? ఇన్నేళ్లుగా అందరూ ఇలాగే కొంటున్నారు, ఎవరూ అడగలేదు." పక్క కౌంటరు దగ్గర ఉన్నవాళ్లు తలలు తిప్పి చూశారు. అమ్మాయి నా చేయి పట్టుకుని, అమ్మా వెళ్దాం అంది. కుర్రవాడు ఆ రాళ్లన్నీ ఒక చిన్న ప్లాస్టిక్ సంచిలో పోసి, "ఇవి మాకు పనికిరావు, తీసుకెళ్లండి" అని నా ముందు పెట్టాడు.

పద్దెనిమిది నెలలు చీటీ కట్టి కొన్నవి అవే. ఆ డబ్బు తీసుకున్న చేతులకే ఇప్పుడు అవి పనికిరావట!

నేను బడిలో లెక్కలు చెబుతాను. పిల్లలకు "అంకె పక్కన ప్రమాణం రాశారా, అది దేని బరువో రాశారా" అని రోజూ చెప్పే మనిషిని. 48.620 అన్న అంకె దేని బరువో నేను అడగలేదు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. అయినా, చూసుకోకపోవడం నా తప్పే అనుకున్నా, దాచిపెట్టడం వాళ్ల తప్పు కాకుండా పోతుందా?

ఇంటికి వచ్చి లెక్క వేశాను. కొన్ననాటి ధర గ్రాముకు 6,660. రాళ్లూ లక్కా 9.440 గ్రాములు, అంటే 62,870 రూపాయలు. అక్కడితో అయిపోలేదు. తరుగు నూటికి 16 చొప్పున వేశారు, అదీ 48.620 మీదే. అంటే రాళ్లకు కూడా తరుగు! రాయి చెక్కితే బంగారం తరుగుతుందా? ఆ భాగం మరో 10,059. ఈ రెండింటి మీద 3 శాతం జీఎస్టీ. అన్నీ కలిపితే 75 వేలు దాటింది.

కాటాలో మోసం ఉందేమోనని మొదట అనుమానించాను. లేదు. దాని మీద తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉంది, ఏడాదికోసారి చేయించే తనిఖీ పత్రం గోడకు తగిలించే ఉంది, గడువు కూడా దాటలేదు. కాటా రెండుసార్లూ నిజమే చెప్పింది. అందుకే ఈ మోసం అంత సులభంగా బయటపడదు.

హాల్‌మార్క్ ఉంది కదా, ఇక భయమెందుకు అని నేనూ అనుకున్నాను. నగ మీద ఉండేవి మూడు గుర్తులు: భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ముద్ర, 22 క్యారెట్లని చెప్పే 916, అక్షరాలూ అంకెలూ కలిపి మొత్తం ఆరు ఉండే హెచ్‌యూఐడీ, అంటే ఆ నగ గుర్తింపు సంఖ్య. ఆ మూడూ మా హారం మీద ఉన్నాయి, మూడూ నిజమైనవే. అవి చెప్పేది స్వచ్ఛత గురించి. ఆ గుర్తుల్లో బరువు ఉండదు. బరువు చెప్పాల్సింది బిల్లు. హాల్‌మార్క్ వేసిన నగ అమ్మితే బిల్లులో నికర బరువు (రాళ్లూ లక్కా పోగా మిగిలే బంగారం బరువు), స్వచ్ఛత, హాల్‌మార్క్ రుసుము విడివిడిగా చూపాలని నిబంధన ఉంది. మా బిల్లులో 45 రూపాయల హాల్‌మార్క్ రుసుముకు ప్రత్యేకంగా ఒక గడి ఉంది. "బరువు" అని ఒక గడి ఉంది. నికర బరువు అన్న గడే లేదు. మరిచిపోయి వదిలేశారంటే నేను నమ్మను.

మార్పిడి చేసుకోకుండా ముక్కలు వెనక్కి తెచ్చుకున్నాను. వాళ్లు తూచి రాసిచ్చిన చీటీ కూడా అడిగి తీసుకున్నాను. ఇవ్వడానికి చాలాసేపు నసిగారు, నేను కుర్చీలోంచి లేవలేదు. ఇప్పుడు నా దగ్గర ఒకే దుకాణం ఇచ్చిన రెండు కాగితాలున్నాయి, ఒకదాని మీద 48.620, రెండోదాని మీద 39.180. సోమవారం వాటిని పట్టుకుని తూనికలు, కొలతల శాఖ కార్యాలయానికి వెళ్తున్నాను. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఈ ఉదయమే ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు కొనుగోలుకు అక్కడ రుసుము లేదు. రెండేళ్ల గడువు మాత్రం ఉంటుంది. ఇలాంటివి ఎవరి దగ్గరైనా ఉంటే ఊరికే రోజులు గడపకండి.

కొనబోయేవారికి నాలుగు మాటలు. కెంపుల నగలకే కాదు, నల్లపూసలు, పగడాలు, గుత్తపూసల హారం, ముత్యాల చెవిదిద్దులు, దేనికైనా ఇదే జరగవచ్చు. మొత్తం బరువు ఎంత, రాళ్లూ పూసలూ లక్కా ఎంత, బంగారం ఎంత అని మూడూ అడగండి, బిల్లులో రాయించండి. తరుగు బంగారం బరువు మీదే వేయమనండి. రాళ్లకు ధర ఉంటే విడిగా చెప్పమనండి, విడిగానే కట్టండి. "రాళ్లకు ఏమీ వేయడం లేదు" అని ఎవరైనా నవ్వుతూ చెబితే అక్కడే ఆగిపోండి. రాసివ్వమంటే తటపటాయించే దుకాణంలో కొనకండి.

ఆ దుకాణంలో రాళ్ల నగ కొన్నవారు ఈ రాత్రే బీరువా తెరిచి బిల్లు చూడండి. బరువు ఒక్కటే ఉండి నికర బరువు లేకపోతే నాకు రాయండి. నా ఒక్కదాని రెండు కాగితాలకన్నా పదిమందివి కలిస్తే ఆ "ఎవరూ అడగలేదు" అన్న మాట మళ్లీ అనలేరు.