బరువు తగ్గడానికి సర్జరీయా, మానసిక చికిత్సా?

బరువు తగ్గించే సర్జరీల్లో ఒకటైన స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయాన్ని దాదాపు 75-80 శాతం తీసేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ తగ్గుతుంది, నాలుగు ముద్దలకే కడుపు నిండుతుంది. ఏడాది, రెండేళ్లలో ఒంటి బరువులో పాతిక శాతం దాకా పోతుంది. విటమిన్ మాత్రలు మాత్రం జీవితాంతం తప్పవు.

ఆలోచనల్ని, అలవాట్లను మార్చే మానసిక చికిత్స కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. దీని దారి వేరు. ఏం తిన్నారనేదే కాదు, అప్పుడు మనసెలా ఉందో కూడా డైరీలో రాయిస్తారు. 'రాత్రి 10:30, ఆఫీసు టెన్షన్, మిక్చర్ ప్యాకెట్ మొత్తం' లాంటి రాతలు పేరుకున్నాక ఏది ఆకలో, ఏది దిగులో తేలిపోతుంది. ఒకసారి అదుపు తప్పగానే 'ఇవాళ్టికి ఎలాగూ పోయింది' అని ఇంకా తినేస్తాం కదా, థెరపిస్టు పట్టుకునేది సరిగ్గా ఆ ఆలోచననే. అదుపు లేకుండా తినే జబ్బుకు ఇది నిజంగా మేలు చేస్తుంది. బరువు మాత్రం, ఆహార నియమాలు, వ్యాయామం కలిసినా, మామూలుగా 5-10 శాతమే తగ్గుతుంది. అది చిన్న లాభమని కొట్టిపారేయకండి: 2002లో వెలువడిన అమెరికా డయాబెటిస్ నివారణ అధ్యయనంలో, 7 శాతం తగ్గడమే లక్ష్యంగా అలవాట్లు మార్చుకున్నవాళ్లకు షుగర్ వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది.

బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును లెక్కించే కొలత) 40 దాటి, షుగర్ కూడా ఉన్నవారికి థెరపీ ఒక్కటే చాలంటే నేను ఒప్పుకోను. దిగులుతో తినేవారు మాత్రం ఆపరేషన్‌కు ముందే థెరపిస్టును కలవాలి. పొట్ట చిన్నదైనా ఐస్‌క్రీమ్, మిల్క్‌షేక్ సులువుగానే దిగిపోతాయి.