ఎన్‌సైక్లోపీడియా బ్రౌన్, బాయ్ డిటెక్టివ్: పిల్లల మిస్టరీలు రాసేవాళ్లకు పనికొచ్చే పుస్తకం

డొనాల్డ్ జె. సోబోల్ 1963లో తెచ్చిన ఈ ఇంగ్లిష్ పుస్తకంలో పది చిన్న కేసులు. ఒక్కోటీ ప్రశ్న దగ్గర ఆగుతుంది, జవాబులు పుస్తకం చివర్లో ఉంటాయి. రాసేవాళ్లు కత్తి కేసు తప్పక చూడాలి. అమెరికా అంతర్యుద్ధం నాటిదని బేరం పెట్టిన కత్తి మీద ‘మొదటి బుల్ రన్ యుద్ధం’ అని, 1861 ఆగస్టు తేదీతో చెక్కి ఉంటుంది. రెండో యుద్ధం జరిగింది 1862లో. అది జరక్కముందే ‘మొదటి’ అని ఎవరు చెక్కుతారు? ఆధారం కళ్లెదుటే ఉంది, దాచిందేమీ లేదు. చాలా గొప్ప పనితనం!

చిక్కల్లా మన పిల్లలకి బుల్ రన్ తెలియకపోవడం. తెలియని విషయం మీద ముడి వేస్తే పిల్లలు ఆలోచించడం మానేసి చివరి పేజీకి పరిగెడతారు. మీరు రాస్తే పానిపట్టు పెట్టండి: మొదటిది 1526, రెండోది 1556. ఆ రెండో ఏడాదిని మాత్రం ముందే, ఏ తాతగారి కబుర్లలోనో మామూలుగా దొర్లించాలి. ముగింపులో కొత్తగా చెబితే అది మోసమే.

ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకి కేసు చదివి వినిపించి, జవాబు పేజీ తిప్పకుండా కాసేపు వాదించుకోనివ్వండి.