అల్లాయ్ వీల్స్‌కు పెయింటా, పౌడర్ కోటింగా? విశాఖ ఉప్పుగాలిలో వాడాక

మా ఇంట్లో ఒక కారు చక్రాలకు టూకే పెయింట్ (గట్టిపరిచే ద్రవం కలిపి కొట్టే రంగు), ఇంకోదానికి పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి ఓవెన్‌లో ఉడికించే పూత). రెండూ ఎంవీపీ కాలనీలో ఆరుబయటే ఉంటాయి, బీచ్ రోడ్డు మీదే ఎక్కువ తిరుగుతాయి. ఏళ్లు గడిచాక చూస్తే పౌడరే గట్టిగా నిలిచింది. పెయింట్ చక్రాలకు స్పోకుల అంచుల్లో రాళ్లు తగిలి పెచ్చులు లేచాయి. అక్కడినుంచి ఉప్పుతేమ పాకి, క్లియర్ కోట్ (పైన వేసే పారదర్శక పొర) కింద సన్నటి తెల్లదారాల్లా తుప్పు పట్టింది.

అయితే పౌడర్ అనగానే సరిపోదు, అసలు పనంతా చల్లకముందే ఉంది. పాత రంగు లోహం కనపడేదాకా పోవాలి. పోత అల్యూమినియం సందుల్లో గాలి, నూనె దాగి ఉంటాయి. అందుకని 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉడికే పౌడరైతే ముందు ఉత్త చక్రాన్ని 200 దగ్గర కాల్చాలి. ఈ మెట్టు ఎగ్గొడితే ఉడికేటప్పుడు గాలి బయటికి తన్నుకొచ్చి సూదిమొనంత రంధ్రాలు పడతాయి. మన ఊళ్లో ఉప్పుకు ఆ దారి చాలు. అడుగున ఎపాక్సీ పౌడర్, పైన పాలియెస్టర్ పౌడర్ వేయించండి. ఎపాక్సీ ఒక్కటే వేస్తే ఎండకు సుద్దలా తేలిపోతుంది. ఓవెన్ మీటరు 180 చూపిస్తే చాలదు. లోహం ఆ వేడి అందుకున్నాక పౌడర్ కంపెనీ చెప్పినంతసేపు, మామూలుగా 10 నుంచి 20 నిమిషాలు, ఉండాలి. 200 మాత్రం దాటనివ్వద్దు, చక్రం బలం తగ్గుతుంది.

మాస్కింగ్ (పూత పడకూడని చోట్లను ముందే మూసేయడం) దగ్గర రాజీపడకండి. ఒక్కో పొర 60–80 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) ఉంటుంది. నట్లు కూర్చునే చోట, హబ్‌కు (చక్రాన్ని బిగించే ఇరుసు భాగానికి) ఆనే ముఖం మీద పౌడర్ మిగిలితే అది నలిగి నట్ల బిగువు వదులుతుంది. ఎంత శుభ్రంగా చేసినా, బిగించాక 50–100 కిలోమీటర్లకు టార్క్ రెంచ్‌తో (బిగువు కొలిచే పానాతో) మళ్లీ చూడాల్సిందే.

చక్రాలు తరచూ ఫుట్‌పాత్‌కు రాసుకునేవాళ్లకు మాత్రం పెయింటే నయం. గీత పడ్డచోట పుట్టీ పెట్టి, ఆ ముక్క వరకే రంగు వేయొచ్చు. మామూలు పుట్టీ ఓవెన్ వేడికి ఆగదు. పౌడర్‌కు గీత లోతుగా పడితే అరగదీసి, చక్రమంతా మళ్లీ చేయాలి.

బ్యాలెన్సింగ్‌కు లోపలివైపు అతికించే బరువులే పెట్టించండి. అంచుకు కొట్టే క్లిప్పు బరువులు కోటింగ్‌ను చీల్చే ప్రమాదం ఉంది.