విదేశంలో కొన్న రంగు వజ్రం: టెస్టరా, లూపా, ల్యాబా... దేన్ని నమ్మాలి?

వాట్సాప్‌లో నాకు వచ్చే ఫొటోల్లో సగం ఉంగరాలవే. "అన్నా, దుబాయ్‌లో కొన్నాం, పసుపు డైమండ్, ఒరిజినలేనా?" అని ఒకరు. "అంకుల్, అమెరికా నుంచి తెచ్చిన పింక్ స్టోన్, రంగు సహజమేనా?" అని ఇంకొకరు. ఫొటో చూసి చెప్పడం కుదరదంటే చిన్నబుచ్చుకుంటారు. ఇన్నాళ్లూ ఒక్కొక్కరికి విడివిడిగా చెబుతూ వచ్చాను. ఈమధ్య మా బావగారు బ్యాంకాక్ వెళ్లి అక్కకు ఆకుపచ్చ కలిసిన పసుపు వజ్రం ఉంగరం తెచ్చారు. దాని సంగతి తేల్చే పని నా మీద పడేసరికి, ఉన్న దారులన్నీ మళ్లీ ఒకసారి తొక్కాల్సి వచ్చింది.

ముందు ఒక తిరకాసు ఉంది. బావగారి దగ్గర కాగితం ఉంది. ఆయన ధైర్యమంతా అదే. అందులో నేచురల్ డైమండ్ అని ఉంది, ఫ్యాన్సీ (రంగు వజ్రాలకు వాడే మాట) అని ఉంది, బరువు ఉంది, మెరిసే స్టిక్కర్ కూడా ఉంది. "ఇంకేం కావాలయ్యా, నేచురల్ అని రాసిచ్చారుగా!" అన్నారు.

నేచురల్ అన్నమాట వజ్రం గురించి, రంగు గురించి కాదు. భూమిలో పుట్టిన చవక గోధుమరంగు రాయిని తీసుకెళ్లి, విపరీతమైన ఒత్తిడి, వేడి కలిపి ఇచ్చే హెచ్‌పీహెచ్‌టీ యంత్రంలో పెట్టి పసుపుగా మార్చినా అది నేచురల్ డైమండే. కాగితంలో అబద్ధం ఒక్క ముక్క లేదు. రంగు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికి వేరే వరుస ఉండాలి. వజ్రాలను పరీక్షించి రిపోర్టు ఇచ్చే అమెరికా సంస్థ జీఐఏ వాళ్ల రంగు వజ్రాల రిపోర్టులో ఆ వరుస పేరు కలర్ ఆరిజిన్. బావగారి కాగితంలో అది లేనే లేదు. ఉన్న అక్షరాలు చదువుతాం గానీ లేని వరుసను ఎవరు వెతుకుతారు?

కాబట్టి కింద చెప్పే ప్రతి దారినీ నేను ఒకే ప్రశ్నతో తూచాను: ఆ వరుసలో ఏం రాయాలో ఇది చెప్పగలదా?

టెస్టర్ చెప్పలేదు. మన ఊళ్లో ఏ నగల షాపుకు వెళ్లినా మొదట తీసేది పెన్నులాంటి ఆ యంత్రాన్నే. మొన రాయికి ఆనించగానే లైట్లు వెలిగి బీప్ అంటుంది, షాపతను నవ్వుతాడు, మనం ఊపిరి పీల్చుకుంటాం. అది కొలిచేది రాయిలో వేడి ఎంత త్వరగా పాకుతుందో. అమెరికన్ డైమండ్‌ను, గాజును పట్టుకోవడానికి పనికొస్తుంది. రేడియేషన్ ఇచ్చినా, వేడి పెట్టినా, పైన పూత పూసినా లోపలున్నది వజ్రమే కాబట్టి బీప్ అంటూనే ఉంటుంది. బావగారి రాయి కూడా చక్కగా బీప్ అంది. ఇందులో ఒక తమాషా ఉంది. అసలైన నీలి వజ్రంలో బోరాన్ ఉంటుంది, అందువల్ల దానిలో కరెంటు పారుతుంది. వేడితోపాటు కరెంటునూ కొలిచే టెస్టర్ పెడితే అలాంటి రాయిని మోయిసనైట్ (వజ్రంలా మెరిసే వేరే రాయి) అని కొట్టిపారేసే ప్రమాదం ఉంది. కృష్ణా తీరంలోని కొల్లూరు గనిలో దొరికిందని చెప్పే హోప్ డైమండ్ ఆ జాతిదే. దాన్ని మన బజారు టెస్టర్‌తో చూస్తే వజ్రమే కాదని తిప్పి పంపినా ఆశ్చర్యం లేదు. రేడియేషన్‌తో నీలంగా మార్చిన రాయికి మాత్రం అదే టెస్టర్ డైమండ్ అని సర్టిఫై చేస్తుంది.

యూవీ టార్చ్ గురించి ఎక్కువ చెప్పను. కొన్ని సహజ వజ్రాలు నీలంగా వెలుగుతాయి, కొన్ని అసలు వెలగవు. రేడియేషన్ ఇచ్చి, కాల్చి గులాబీ రంగు తెప్పించినవి నారింజ రంగులో వెలగడం మామూలే. అనుమానం పుట్టించడానికి సరే, తీర్పు చెప్పడానికి కాదు.

లూప్ మాత్రం నాకిష్టం. పదిరెట్లు పెద్దదిగా చూపించే ఆ చిన్న అద్దం జేబులో లేకుండా నేను పెళ్లిళ్లకు కూడా వెళ్లను. బావగారి ఉంగరాన్ని ఆచారి గారి దగ్గరకు తీసుకెళ్లి పంజాలు ఎత్తించి రాయి విప్పించాను. ఇది తప్పనిసరి. బంగారంలో ఉన్నంతసేపు పసుపు వజ్రం ఇంకా పసుపుగా కనపడుతుంది, వెనక మూసేసిన ఉంగరమైతే ఏమున్నా దాచేస్తుంది. తెల్ల కాగితాన్ని వి ఆకారంలో మడిచి, ఆ మడతలో రాయిని బోర్లా పెట్టి, పక్క నుంచి వెలుగు పడేలా చూశాను.

ఇలా చూసినప్పుడు పూత పూసిన రాయి చాలాసార్లు దొరికిపోతుంది. వెనకవైపు ముఖాల మీద కిరోసిన్ నీళ్లలో పడ్డట్టు రంగురంగుల మెరుపు, అంచుల దగ్గర గీతలు, అక్కడక్కడా చుక్కలు కనిపిస్తాయి. వజ్రం మీద గీత అంత తేలిగ్గా పడదు, పూత మీద పడుతుంది. సైక్లోట్రాన్ అనే యంత్రంతో రేడియేషన్ ఇచ్చిన పాతకాలపు రాళ్లలోనైతే పైనుంచి చూస్తే కింది మొన చుట్టూ గొడుగు విప్పినట్టు రంగు కమ్ముకుని ఉంటుంది. లోపలిదాకా రంగు పాకక, ఉపరితలం దగ్గరే ఆగిపోవడం వల్ల అలా అవుతుంది. వేడి పెట్టిన రాళ్లలో లోపలి మచ్చల చుట్టూ నల్లటి వలయం, అంటే ఆ వేడికి గ్రాఫైట్‌గా మారిన భాగం కనిపించవచ్చు.

బావగారి రాయిలో నాకు రెండు విషయాలు కనిపించాయి. గట్టి లైటు కింద లోపలి నుంచి పచ్చటి వెలుగు తేలుతోంది, ఆకుపచ్చ గాజుసీసా అంచులా. నడుము దగ్గర, అంటే రాయి చుట్టూ ఉండే అంచు దగ్గర, ఒక చిన్న మచ్చ చుట్టూ మసి. ఈ రెండూ హెచ్‌పీహెచ్‌టీ వైపే వేలు చూపిస్తాయి. కానీ పచ్చటి వెలుగు సహజ వజ్రాల్లోనూ ఉంటుంది, నల్ల మచ్చలూ ఉంటాయి. "అయితే ఏమిటంటావు, అటా ఇటా?" అని బావగారు అడిగితే, "నూటికి డెబ్బై అనుమానం" అన్నాను. డెబ్బై అనుమానంతో షాపువాడి మీద గొడవకు దిగలేం. లూప్ ఎక్కడ ఆగిపోతుందో నాకు అక్కడే అర్థమైంది. అది దొంగను చూపించగలదు, దొర అని మాత్రం ఎవరికీ రాసివ్వలేదు. ఏ లోపమూ కనపడని శుభ్రమైన రాయి ముందు అది మూగబోతుంది.

ధర చూసి చెప్పేయవచ్చు అనేవాళ్లున్నారు. కొంతవరకు నిజం. పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఆర్గైల్ గని ప్రపంచపు పింక్ వజ్రాల్లో సుమారు 90 శాతం ఇచ్చింది. అది 2020 నవంబరులో మూతపడింది. నిజాం సొత్తుగా ఉండి, గోల్కొండ రాయిగా పేరున్న ప్రిన్సీ అనే 34.65 కారెట్ల పింక్ వజ్రం 2013లో న్యూయార్క్ వేలంలో సుమారు 39.3 మిలియన్ డాలర్లకు పోయింది. అంత పెద్ద రాళ్ల మాట వదిలేసినా, ఒక కారెట్ గాఢమైన సహజ పింక్ అంటే కోట్లలో మాట. కాబట్టి రెండు లక్షలకు "నేచురల్ పింక్" అంటే నవ్వి ఊరుకోవచ్చు. పసుపులో మాత్రం ఈ లెక్క పనిచేయదు. సహజ పసుపు పింక్ అంత అరుదు కాదు, ధరల్లో అంత ఆకాశం నేల తేడా ఉండదు. అక్కడే మోసానికి చోటు ఎక్కువ. బావగారు పెట్టిన ధర సహజ రాయికి కాస్త తక్కువ, మార్చిన రాయికి బాగా ఎక్కువ. బేరం బాగా ఆడానన్న సంతోషంలో ఆయన ఉన్నారు.

ఇక రిపోర్టు నంబర్ చూసుకోవడం. పేరున్న ల్యాబ్ రిపోర్టు ఉంటే ఇది రెండు నిమిషాల పని, డబ్బు ఖర్చు లేదు. జీఐఏ సైట్‌లో నంబర్ కొడితే రిపోర్టు వస్తుంది. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, అదే తప్పు. నంబర్ అసలైనదే కావచ్చు, రాయి వేరేది కావచ్చు. అసలు రాయి నంబర్‌ను మరో రాయి నడుము మీద లేజర్‌తో చెక్కి అమ్మజూసిన సందర్భాలను ల్యాబులే బయటపెట్టాయి. అందుకని మూడూ చూడాలి: నడుము మీద అక్షరాలు, బరువు, మిల్లీమీటర్లలో కొలతలు. రిపోర్టులో పొడవు, వెడల్పు, లోతు చుక్క తర్వాత రెండు అంకెల దాకా ఉంటాయి, నగలవాడి కాలిపర్‌తో సరిచూడవచ్చు. ఈ మూడూ కుదిరి, కలర్ ఆరిజిన్ దగ్గర నేచురల్ అని ఉంటే నేనైతే నిశ్చింతగా పడుకుంటాను. బావగారి కాగితం ఇచ్చిన ల్యాబ్‌కు సైటే లేదు. షాపు పైఅంతస్తే ఆ ల్యాబ్ అని తర్వాత తెలిసింది. రాయి నడుము మీద ఒక్క అక్షరం లేదు.

మిగిలింది ల్యాబ్. నా మొగ్గు దీని వైపే అని ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది, దాచడం దేనికి.

ల్యాబ్ చేసేది మన కంటికి లేని పని. రాయిని ద్రవ నత్రజనితో దాదాపు మైనస్ 196 డిగ్రీలకు చల్లబరచి, ఏ రంగు కాంతిని ఎక్కడ మింగుతోందో గీత గీస్తారు. లేజర్ కొట్టి అది తిరిగి ఏ వెలుగు ఇస్తోందో చూస్తారు. సహజమైన పసుపుకు నత్రజని కారణం, ఆ నత్రజని పరమాణువులు కోట్ల ఏళ్లు భూమి లోపల మగ్గి ఏర్పరచుకున్న అమరిక గీతలో తెలుస్తుంది. యంత్రంలో కొద్దిసేపట్లో ఉడికించిన రాయిలో ఆ అమరిక వేరుగా ఉంటుంది. రేడియేషన్ ఇచ్చి కాల్చిన రాళ్లలో 594 నానోమీటర్ల దగ్గర ఒక సన్నటి గీత చాలాసార్లు దొరుకుతుంది. దాన్ని పోగొడదామని ఇంకా ఎక్కువ కాలిస్తే ఇన్‌ఫ్రారెడ్‌లో కొత్త గీతలు పుట్టుకొస్తాయి. ఒకటి కప్పితే ఇంకొకటి బయటపడుతుంది.

ల్యాబ్ కూడా చేతులెత్తేసే రంగు ఒకటుంది, ఆకుపచ్చ. సహజమైన ఆకుపచ్చ కూడా రేడియేషన్ వల్లే వస్తుంది, భూమిలోని యురేనియం లాంటి ఖనిజాల పక్కన లక్షల ఏళ్లు ఉండటం వల్ల. మనిషి చేసేదీ అదే పని. 1904లోనే విలియం క్రూక్స్ రేడియం పక్కన పెట్టి వజ్రాలను పచ్చగా మార్చాడు, ఆ రాళ్లలో రేడియోధార్మికత ఇప్పటికీ పోలేదు. ఇప్పుడు ఎలక్ట్రాన్లతో చేస్తారు, కాబట్టి ఆ భయం లేదు, కానీ ఆనవాలు పట్టడమూ కష్టమే. కొన్ని పచ్చరాళ్లకు కలర్ ఆరిజిన్ దగ్గర "తేల్చలేం" అనే అర్థంలో రాసిస్తారు. అందుకే విదేశంలో పచ్చ వజ్రం, అదీ ఇంతకు ముందు రిపోర్టు లేనిది, ఎవరైనా చూపిస్తే నా సలహా ఒకటే: కొనకండి. ల్యాబే తేల్చలేనిదాన్ని మనం పర్సు తీసి తేల్చక్కర్లేదు.

ల్యాబ్‌కు ఇబ్బందులు లేవని కాదు. పూర్తి రిపోర్టు కావాలంటే రాయి విప్పి పంపాలి. వారాలు పడుతుంది. దాని ఫీజు, ఇన్సూరెన్స్‌తో పంపే ఖర్చు అన్నీ మనవే. జీఐఏ ల్యాబ్ ముంబైలోనే ఉంది కాబట్టి మళ్లీ విదేశం పంపాల్సిన కస్టమ్స్ తలనొప్పి లేదు. అమెరికాలో ఉండే మనవాళ్లకు న్యూయార్క్, కార్ల్స్‌బాడ్ ఉన్నాయి. వాళ్లు ఇండియా వచ్చాక చూద్దాం అనుకోకుండా అక్కడే పంపేయడం మంచిది, ఎందుకంటే షాపువాడు వాపసు తీసుకునే గడువు అక్కడే నడుస్తుంది. బావగారి గడువు పదిహేను రోజులు. నా దగ్గరకు రాయి వచ్చింది ఇరవయ్యో రోజున.

ప్రతి రాయికీ ఇంత అవసరమా అంటే, లేదు. పొడిలాంటి సన్న రాళ్లకు, ఉంగరం చుట్టూ పొదిగిన చిన్న పసుపు రాళ్లకు ల్యాబ్ ఖర్చు దండగ. నల్ల వజ్రాలకూ అంతే. బజారులో దొరికే వాటిలో చాలావరకు వేడి పెట్టినవే అనుకుని ఆ ధరకే కొనండి. ల్యాబ్‌లో పెంచిన రంగు వజ్రాల సంగతి వేరే కథ, అయినా అదే ల్యాబ్ పరీక్షలో అవీ బయటపడతాయి. నెల జీతం దాటిన రాయి అయితే మాత్రం ఫీజుకు వెనకాడొద్దు. ఇంకా కొనలేదా, అయితే బిల్లు మీద "రంగు సహజం, ఎలాంటి ట్రీట్‌మెంట్ లేదు" అని ఇంగ్లీషులో రాయించి, ల్యాబ్ కాదంటే డబ్బు వాపసు అని సంతకం తీసుకోండి. చేయి వణికితే ఆ షాపువాడే మీకు రిపోర్టు ఇచ్చేసినట్టు.

ట్రీట్‌మెంట్ అయిన రాయి పాపం చేసిందేమీ లేదు. చెప్పి, ఆ ధరకు అమ్మితే నేనే కొంటాను. హెచ్‌పీహెచ్‌టీ రంగు చెరిగిపోయేది కాదు. రేడియేషన్‌తో పచ్చగా, నీలంగా మార్చిన వాటిని మాత్రం రిపేరుకు ఇచ్చేటప్పుడు ఆచారికి చెప్పాలి, మంట తగిలితే రంగు మారవచ్చు. పూత రాళ్లు శుభ్రం చేసే యాసిడ్‌కే పోతాయి.

బావగారి రాయి ముంబై వెళ్లింది. నెల తర్వాత వచ్చింది, కలర్ ఆరిజిన్ దగ్గర ట్రీటెడ్ అని, హెచ్‌పీహెచ్‌టీ అని. నడుము మీద కూడా హెచ్‌పీహెచ్‌టీ ప్రాసెస్డ్ అని చెక్కి పంపారు. బ్యాంకాక్ షాపు ఈమెయిల్‌కు జవాబివ్వలేదు. బావగారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అక్క మాత్రం రాయిని మళ్లీ ఉంగరంలో బిగించుకుంది, అక్షరాలు కనపడేలా పంజాలు కాస్త పక్కకు పెట్టించి మరీ. నా లూప్ ఒకటి లాగేసుకుంది. ఇప్పుడు ఇంటికి ఎవరొచ్చినా ఉంగరం, లూప్ చేతికిచ్చి, "చదవండి, మీ అన్నయ్య బేరం" అంటోంది.