"రీబూట్ అయినా సెషన్లు పోవు" అని అమ్మే వీపీఎస్ ప్లాన్లతో జాగ్రత్త

టీమక్స్ (ఒకే టెర్మినల్‌లో చాలా పనులు నడిపి, లాగౌట్ అయినా వాటిని కొనసాగించే ప్రోగ్రామ్) ముందే పెట్టి ఇస్తామనే వీపీఎస్ (అద్దెకిచ్చే వర్చువల్ సర్వర్) ప్లాన్ల మీదా, డబ్బుకు అమ్మే రెడీమేడ్ టీమక్స్ సెటప్‌ల మీదా ఒకటే ప్రచారం కనిపిస్తుంది: "ఆటో సెషన్ రిస్టోర్, పని ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలు". ఈ మాట చూసి ఏడాది డబ్బు ఒకేసారి కట్టేయకండి. అలా కొన్న ఒక ప్లాన్‌లో రీబూట్ తర్వాత విండోలు, పేన్‌లు (విండోని చీల్చిన ముక్కలు) ఎక్కడివక్కడే వచ్చాయి గానీ వాటిలో నడుస్తున్న జాబ్‌లు ఒక్కటీ లేవు. సపోర్ట్‌ని అడిగితే "రిస్టోర్ పనిచేస్తోంది కదా" అన్నారు. వాళ్ళు అన్నది అబద్ధం కాదు, కొనేవాళ్ళకు అర్థమయ్యేది మాత్రం వేరు.

ఆ సెటప్ లోపల ఉన్నవి టీమక్స్-రిసరెక్ట్, టీమక్స్-కంటిన్యూయమ్ అనే రెండు ఉచిత ప్లగిన్లు. రిసరెక్ట్ డిఫాల్ట్‌గా సేవ్ చేసేది సెషన్ల పేర్లు, విండోలు, పేన్‌ల అమరిక, ఒక్కో పేన్ ఏ ఫోల్డర్‌లో ఉంది, అందులో ఏ కమాండ్ నడుస్తోంది, అంతే. ప్రాసెస్ మెమరీని అది ముట్టుకోదు. రీబూట్‌తో టీమక్స్ సర్వర్ చస్తే దాని కింద ఉన్నవన్నీ పోతాయి. తిరిగి వచ్చేది కమాండ్‌ని మొదటి నుంచి నడపడమే, అదీ డిఫాల్ట్‌గా విమ్, ఈమాక్స్, మ్యాన్, లెస్, టెయిల్, టాప్, హెచ్‌టాప్ లాంటి చిన్న జాబితాకే. మీ పైథాన్ స్క్రిప్టో నోడ్ సర్వరో కావాలంటే రిసరెక్ట్-ప్రాసెసెస్ ఆప్షన్‌లో మీరే చేర్చాలి. అన్నింటినీ నడిపించే "ఆల్" విలువ కూడా ఉంది గానీ అది పెట్టకండి. సేవ్ అయిన సమయానికి డేటాబేస్ మైగ్రేషన్ (డేటాబేస్ నిర్మాణాన్ని మార్చే పని) నడుస్తుంటే బూట్ అవగానే అదే మళ్ళీ మొదలవుతుంది.

ఇక ఆటో అన్న భాగం కంటిన్యూయమ్‌ది. డిఫాల్ట్‌గా 15 నిమిషాలకోసారి సేవ్ చేస్తుంది, కాబట్టి చివరి 14 నిమిషాల మార్పులు పోయినా అది బగ్ కాదు. ఈ సేవ్ నడిచేది స్టేటస్-రైట్ (టీమక్స్ స్టేటస్ లైన్‌లో కుడి భాగం) ద్వారా. అందంగా ఉండాలని సెల్లర్లు పెట్టే థీమ్ దాని తర్వాత లోడ్ అయి స్టేటస్-రైట్‌ని తిరగరాసిందంటే సేవ్ చప్పుడు లేకుండా ఆగిపోతుంది, ఎర్రర్ కూడా రాదు. అందుకే ప్లగిన్ల జాబితాలో కంటిన్యూయమ్ చివర ఉండాలి, స్టేటస్ లైన్ ఆన్‌లో ఉండాలి. పనిచేస్తోందా అని చూడాలంటే కొత్త విండో ఒకటి తెరిచి, 15 నిమిషాలు దాటాక సేవ్ ఫోల్డర్ (ఎక్కడుంటుందో కింద ఉంది) చూడండి. ఏమీ మారకపోతే కొత్త ఫైలు మిగలదు, అది చూసి కంగారుపడొద్దు.

ఆటో రిస్టోర్ జరిగేది టీమక్స్ సర్వర్ కొత్తగా మొదలైనప్పుడు మాత్రమే. కాన్ఫిగ్ రీలోడ్ చేస్తే రాదు. అదే యూజర్ కింద ఇంకో టీమక్స్ సర్వర్ అప్పటికే నడుస్తున్నా రాదు. కొందరు సెల్లర్లు బూట్ సర్వీస్‌ని రూట్ (అడ్మిన్ యూజర్) కింద పెడతారు. అప్పుడు సెషన్లు రూట్ సాకెట్‌లో (ఆ యూజర్ టీమక్స్‌కి కనెక్ట్ అయ్యే దారిలో) లేస్తాయి, మీ లాగిన్‌లో చూస్తే ఏమీ ఉండదు. హోమ్ ఫోల్డర్‌లో "టీమక్స్_నో_ఆటో_రిస్టోర్" అనే ఫైలు మిగిలిపోయిందేమో కూడా చూడండి, అది ఉంటే రిస్టోర్ ఆగిపోతుంది.

తరచుగా దెబ్బతీసేది "లాస్ట్" అనే లింక్, రిస్టోర్‌కి ఏ సేవ్ ఫైలు వాడాలో చూపేది ఇదే. సేవ్ జరుగుతుండగా మెషీన్ ఆగితే ఫైలు 0 బైట్లతో మిగిలిపోవచ్చు, అప్పుడు లింక్ దాన్నే చూపిస్తుంది, రిస్టోర్‌లో ఏమీ రాదు. అలా ఖాళీ సెషన్ కనిపిస్తే దాన్ని తెరిచి వదిలేయకండి, తర్వాతి ఆటో సేవ్ ఆ ఖాళీనే "లాస్ట్"గా పెడుతుంది. వెంటనే హోమ్‌లోని డాట్-లోకల్, దానిలో షేర్, దానిలో టీమక్స్, దానిలో రిసరెక్ట్ ఫోల్డర్‌కి వెళ్ళండి (పాత ఇన్‌స్టాల్ అయితే డాట్-టీమక్స్ కింద ఉంటుంది). ఫైళ్ళ పేర్లలో తేదీ, టైమ్ ఉంటాయి. సైజు సున్నా కాని తాజా ఫైలు ఎంచుకుని, ఎల్ఎన్ కమాండ్‌ని మైనస్ ఎస్ఎఫ్‌తో నడిపి "లాస్ట్"ని దానికి కలపండి. తర్వాత ప్రిఫిక్స్ (టీమక్స్ కమాండ్లకు ముందు నొక్కే కీలు, డిఫాల్ట్‌గా కంట్రోల్-బి) నొక్కి కంట్రోల్-ఆర్. చాలావరకు ఇంతటితో తిరిగొస్తుంది.

లాగౌట్ అవగానే సెషన్ పోతుంటే అది వేరే జబ్బు. సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులు నడిపేది) లాగిన్ సెట్టింగుల్లో కిల్-యూజర్-ప్రాసెసెస్ "యెస్" అని ఉందేమో చూసి, ఉంటే "నో" చేయండి. లాగిన్‌సీటీఎల్‌తో లింగర్ (లాగౌట్ తర్వాతా యూజర్ సర్వీసులు నడవనిచ్చే సెట్టింగ్) ఒక్కటే ఆన్ చేస్తే చాలదు.

షేర్డ్ మెషీన్ కొన్నవాళ్ళకు ఇంకో మాట. క్యాప్చర్-పేన్-కంటెంట్స్ ఆన్ చేసి ఇస్తే తెరపై ఉన్నదంతా డిస్క్ మీద ఎన్‌క్రిప్షన్ లేకుండా చేరుతుంది, కమాండ్ లైన్‌లో ఇచ్చిన పాస్‌వర్డ్‌లతో సహా. అవసరం లేకపోతే ఆఫ్ చేసి పాత ఫైళ్ళు తీసేయండి.

రీఫండ్ గడువు ఉండగానే పరీక్ష పెట్టండి: మూడు పేన్‌లు మూడు ఫోల్డర్లలో, ఒకదానిలో విమ్, ఒకదానిలో మీ అసలు జాబ్. ప్రిఫిక్స్, కంట్రోల్-ఎస్‌తో సేవ్ చేసి, కిల్-సర్వర్ కాకుండా ప్యానెల్ నుంచి హార్డ్ రీబూట్ ఇవ్వండి. కంటెయినర్ ప్లాన్ అయితే రీబూట్ తర్వాత హోమ్ ఫోల్డర్ మిగులుతుందా అని సెల్లర్‌ని రాతపూర్వకంగా అడగండి. అది మిగలకపోతే సేవ్ ఫైళ్ళే ఉండవు. నడుస్తున్న ప్రాసెస్ ఉన్నది ఉన్నట్టు తిరిగి రావాలంటే ర్యామ్‌తో కలిపి తీసే వీఎం స్నాప్‌షాట్ (వర్చువల్ మెషీన్ ఆ క్షణంలో ఉన్న స్థితి కాపీ) ఉందా అని అడగండి. లేదంటే జాబ్‌ని సిస్టమ్‌డీ సర్వీస్‌గా మార్చి, చెక్‌పాయింట్లు (పని ఎంతవరకు వచ్చిందో దాచుకునే గుర్తులు) మీరే రాసుకోండి. దానికి మామూలు ప్లాన్ చాలు.