సీసం లేదన్నారు, సీసమే పంపారు: గాలం కిట్ కొనేవారికి హెచ్చరిక

మసాచుసెట్స్‌లో అసాబెట్ నదిలోనో, దానిలో కలిసే చిన్న వాగుల్లోనో పిల్లలతో కలిసి బ్లూగిల్, పంప్కిన్‌సీడ్, బాస్ చేపలకు గాలం వేసే తెలుగువారు ఈ వేసవికి కిట్ కొనేముందు దయచేసి ఇది చదవండి. ఒక పెద్ద ఆన్‌లైన్ అంగడిలో బయటి విక్రేత అమ్ముతున్న ‘అల్ట్రాలైట్’ (చిన్న చేపలకు వాడే చాలా తేలికైన రకం) కిట్‌ను మా అబ్బాయి కోసం తెప్పించాను. గాలపు కర్ర, రీలు, దారం, కొక్కేలు, బెండ్లు, బరువులు అన్నీ ఒకే పెట్టెలో వస్తాయి. బరువుల్లో సీసం లేదని ప్రకటనలో స్పష్టంగా రాశారు, పెట్టె మీద పచ్చని ఆకు బొమ్మ కూడా వేశారు. లోపల ఉన్నవి మాత్రం సీసపు గుండ్లే.

కిట్‌లో మిగతా సామాను కూడా చెప్పినట్టు లేదు. నిజమైన అల్ట్రాలైట్ కర్ర మీద, పిడికి కాస్త పైన, ఎన్ని పౌండ్ల దారం, ఎంత బరువున్న ఎర వాడాలో అంకెల్లో రాసి ఉంటుంది. దీని మీద ఒక్క అంకె కూడా లేదు. బ్లూగిల్ నోరు చాలా చిన్నది కాబట్టి 8 లేదా 10 నంబరు కొక్కెం కావాలి (ఇక్కడ నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది), వీరు పంపినవి అంతకంటే చాలా పెద్దవి. అయితే వీటివల్ల చేప పడకపోవడం తప్ప వేరే నష్టం లేదు. నా ఆందోళనంతా ఆ గుండ్ల గురించే.

దారానికి నొక్కి బిగించే ఆ చిట్టి గుండును గోటితో గీరగానే మెత్తగా గాటుపడి లోపల వెండిలా మెరిసింది. తెల్ల కాగితం మీద రుద్దితే పెన్సిల్ గీతలాంటి నల్లని చార పడింది. సీసానికి బదులు వాడే తగరంతో చేసిన గుండు ఇంత సులువుగా గోటికి లొంగదు. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే సీసం పరీక్ష పట్టీతో చూశాక అనుమానం పూర్తిగా తీరిపోయింది.

ఒక ఔన్సు కంటే తక్కువ బరువున్న సీసపు సింకర్లను (దారాన్ని నీటిలో ముంచే బరువులు), జిగ్‌లను (బరువు అతికించిన కొక్కేలు) మసాచుసెట్స్‌లోని నదులు, చెరువుల వంటి లోతట్టు జలాలన్నిటిలోనూ వాడకూడదని 2012 నుంచి నిషేధం అమలులో ఉంది. పక్కనున్న న్యూ హ్యాంప్‌షైర్‌లో 2016 జూన్ 1 నుంచి అలాంటి చిన్న బరువుల అమ్మకం కూడా నిషిద్ధమే. అంటే విక్రేత మాట నమ్మి వాగులో గాలం వేసినవారు తమకు తెలియకుండానే నిబంధన మీరినట్టవుతుంది. ఈ నిషేధానికి బలమైన కారణం నీటిలో మునిగి చేపలు పట్టే లూన్ పక్షులు. మసాచుసెట్స్‌లో కనుమరుగైన లూన్‌లు మళ్ళీ గూడు కట్టడం 1975లో క్వాబిన్ జలాశయంలో కనిపించింది. కోళ్ళలాగే ఇవి కూడా ఆహారం నూరుకోవడానికి చిన్న రాళ్ళు మింగుతాయి. రాళ్ళతో పాటో, దారం తెంపుకుపోయిన చేపతో పాటో సీసపు గుండు లోపలికి వెళితే, కందనకాయలో అరిగి రక్తంలో కలిసి, కొద్ది వారాల్లోనే పక్షి ప్రాణం తీస్తుంది. ఇక పిల్లల సంగతికి వస్తే, గుండును పంటితో కొరికి బిగించడం గాలం వేసేవారిలో చాలామందికి అలవాటు, పెద్దలను చూసి పిల్లలూ అదే చేస్తారు. పిల్లల రక్తంలో సీసం ఇంత వరకు ఉంటే ప్రమాదం లేదని చెప్పగల మోతాదే లేదని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది.

విక్రేతకు ఫొటోలతో సహా రాస్తే, మొదట సగం డబ్బు వెనక్కి ఇస్తామని, సామాను మీరే ఉంచుకోవచ్చని జవాబిచ్చారు. ఒప్పుకోనందుకు, సొంత ఖర్చుతో విదేశానికి తిరిగి పంపమన్నారు. ఆ ఖర్చు కిట్ ధర కంటే ఎక్కువ. సీసం గురించి నేను అడిగిన ప్రశ్నకు మాత్రం ఒక్క ముక్క కూడా సమాధానం రాలేదు. పిల్లలు తాకే వస్తువు విషయంలో ఈ మౌనాన్ని నేను పొరపాటుగా భావించలేకపోతున్నాను.

కాబట్టి కొనేముందు ‘పర్యావరణ హితం’, ‘విషరహితం’ వంటి మాటలతో సరిపెట్టుకోకండి. తగరం, బిస్మత్, ఉక్కు, టంగ్‌స్టన్ అని లోహం పేరు ప్యాకెట్ మీద రాసి ఉంటేనే తీసుకోండి. బరువులను కిట్‌లో భాగంగా కాకుండా, ఊళ్ళోని చేపల సామాను దుకాణంలో విడిగా కొనడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే అక్కడ చేతిలోకి తీసుకుని చూడవచ్చు, తేడా వస్తే అడగడానికి మనిషి ఉంటాడు. ఇప్పటికే మోసపోయినవారు సగం డబ్బుకు ఒప్పుకునేముందు క్రెడిట్ కార్డు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఆ కొనుగోలు కనిపించిన మొదటి స్టేట్‌మెంట్ పంపిన నాటి నుంచి 60 రోజుల్లోపు అది బ్యాంకుకు చేరాలి. ప్రకటన పేజీ మారిపోకముందే దాని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. గుండ్లను ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కుని, వాటిని మూత ఉన్న డబ్బాలో పిల్లలకు అందకుండా ఉంచి, చెత్తబుట్టలో వేయకుండా మీ టౌన్‌వారు ప్రమాదకర వ్యర్థాలు సేకరించే రోజున అప్పగించండి.