లోపలి పులిపిర్లకు ఏది మేలు: యాసిడ్ పూతా, క్రయోనా, కోసి తీయడమా?

లైంగికంగా అంటుకునే హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల మలద్వారం లోపల, యోని లోపల వచ్చే పులిపిర్లకు ఏ చికిత్స మంచిదని అడిగేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. కొందరైతే మందుల షాపులో ఇమిక్విమాడ్ క్రీమో, పోడోఫైలోటాక్సిన్ మందో ముందే కొనేసి, లోపలికి రాసుకోవచ్చా అని అడుగుతున్నారు. వద్దు. ఇంట్లో రాసుకునే మందులు బయటి చర్మం మీది పులిపిర్లకే. లోపలి పొర చాలా సున్నితం, పుండు పడుతుంది. పైగా ఎక్కడ రాస్తున్నారో మీకే కనపడదు. గర్భిణులైతే పోడోఫైలోటాక్సిన్ జోలికే పోకూడదు.

ఇక లోపలివాటికి మిగిలినవి మూడు: టీసీఏ అనే యాసిడ్ పూత, ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించే క్రయో, కోసి గానీ కాల్చి గానీ తీసేయడం. లేజర్ కూడా కాల్చి తీయడంలో ఒక రకమే, ఖర్చు ఎక్కువ.

వీటిలో ఏదో ఒకటి ఎంచుకునేముందు, అవి పులిపిర్లేనా అన్నది తేలాలి. మలద్వారం దగ్గర చేతికి ఏది తగిలినా మొలలే అనుకుంటాం. ‘ఆపరేషన్ లేకుండా పైల్స్ నయం’ అన్న బోర్డు చూసి వెళ్లి నెలల తరబడి తిరిగినవాళ్లు ఎందరో. సిఫిలిస్ రెండో దశలో వచ్చే తడి బొడిపెలూ చూడ్డానికి ఇలాగే ఉంటాయి, కాబట్టి సిఫిలిస్‌కు చేసే వీడీఆర్‌ఎల్, హెచ్‌ఐవీ రక్తపరీక్షలు తప్పనిసరిగా చేయించుకోండి. మలద్వారం చుట్టూ బయట పులిపిర్లుంటే లోపల కూడా ఉండవచ్చు. వేలితో, ప్రొక్టోస్కోపు అనే చిన్న గొట్టంతో లోపల చూడమని సిగ్గుపడకుండా మీరే అడగండి. ఆడవాళ్లకు స్పెక్యులం అనే పరికరంతో యోని లోపల చూడాలి. గర్భాశయ ముఖద్వారం మీద ఉంటే మాత్రం ముక్క తీసి బయాప్సీకి పంపాకే చికిత్స. పులిపిరి నిర్ధారణకు హెచ్‌పీవీ టెస్టు అవసరం లేదు, దానికి డబ్బు పెట్టకండి. అసిటిక్ యాసిడ్ రాసి, తెల్లబడింది కాబట్టి పులిపిరే అంటే కూడా నమ్మలేం. ఒరుసుకుపోయిన మామూలు చర్మమూ తెల్లబడుతుంది.

టీసీఏని 80 నుంచి 90 శాతం గాఢతలో, పుల్ల చివరతో పులిపిరి మీద మాత్రమే అద్దుతారు. ఆరగానే తెల్లగా మారుతుంది. పక్కకి కారితే మంచి చర్మం కాలుతుంది కాబట్టి యాసిడ్‌ని విరిచే తినే సోడా సిద్ధంగా పెట్టుకునే డాక్టరు దగ్గరే చేయించుకోవాలి. గర్భిణులకు కూడా వాడవచ్చు. క్రయో కూడా అంతే భద్రం, అయితే యోని లోపల లోహపు ప్రోబ్ వాడకూడదు, గోడకి చిల్లు పడే ప్రమాదం ఉంది. స్ప్రేతోనో, దూదిపుల్లతోనో చేయాలి.

ఈ రెండిటికీ ఒకటే చిక్కు: వారానికో, రెండు వారాలకో మళ్లీ మళ్లీ రావాలి. నా దృష్టిలో అసలు తేల్చాల్సింది ఇదే. ఎన్నిసార్లు రాగలరు? అత్తమామలతో ఉంటున్న కోడలు ప్రతి వారం ఏమని చెప్పి ఇంట్లోంచి బయటపడుతుంది? ఊరి నుంచి బస్సెక్కి వచ్చే కూలీకి ప్రతి రాకకూ ఒక రోజు కూలి పోతుంది. ఇలాంటివాళ్లు ఒకటి రెండుసార్లు వచ్చి మానేస్తారు. సగం కాలిన పులిపిర్లు లోపల అలాగే ఉండి మళ్లీ పెరుగుతాయి. తప్పు వాళ్లది కాదు, వాళ్ల బతుకుకి సరిపడని చికిత్సది.

అందుకే మలద్వారం లోపల గుంపుగా ఉంటే నేను కోసి తీయడం వైపే మొగ్గుతాను. నడుముకు మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చాలావరకు ఒకేసారి తీసేయవచ్చు. తీసిన ముక్క పరీక్షకి వెళ్తుంది, క్యాన్సర్ అనుమానం ఉంటే అక్కడే బయటపడుతుంది. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకి ఇది మరీ ముఖ్యం. నొప్పి మాత్రం తక్కువేం కాదు. కొన్ని రోజులు విరేచనానికి వెళ్లాలంటేనే భయం వేస్తుంది. విరేచనం మెత్తబడే మందు, గోరువెచ్చని నీళ్ల టబ్బులో కూర్చోవడం తప్పవు. చుట్టూతా ఒకేసారి కోసేస్తే ద్వారం ఇరుకవుతుంది. మధ్యమధ్య మంచి చర్మం వదులుతూ తీసే సర్జన్ కావాలి. ఒకటో రెండో చిన్నవే ఉండి, వారం వారం రాగలిగితే ఆపరేషన్ అక్కర్లేదు, టీసీఏ చాలు.

ఏది చేసినా వైరస్ పూర్తిగా పోయినట్టు కాదు. మొదటి 3 నెలల్లో మళ్లీ రావడం మామూలే, అప్పుడొకసారి తప్పక చూపించుకోండి. హెచ్‌పీవీ వ్యాక్సిన్ వేయించుకున్నా ఇప్పటికే ఉన్న పులిపిర్లు తగ్గవు. ఎప్పుడు, ఎవరి నుంచి అంటుకుందో ఏ పరీక్షా చెప్పలేదు కాబట్టి భార్యాభర్తలు దీని మీద గొడవపడొద్దు, ఇద్దరూ చూపించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో సుఖవ్యాధుల పరీక్షలు ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు. మొదట అక్కడికో, చర్మ, సుఖవ్యాధుల ఓపీకో వెళ్లండి. సర్జన్ కావాలో, గైనకాలజిస్టు కావాలో చూసి వాళ్లే పంపిస్తారు.